విత్తనాల కాయకు గుడ్డపీలిక: కూరగాయల విత్తనాలు తీసి దాచుకోవడం ఎలా?

మా నాయనమ్మ బీరపాదుకు కాసిన రెండో కాయకో మూడో కాయకో పాత చీర అంచు చింపి పీలిక కట్టేది. ఆ పీలిక ఉన్న కాయను ఇంట్లో ఎవరూ ముట్టకూడదు. చుట్టాలు వచ్చినా సరే, కూరకు కాయలు చాలకపోయినా సరే. మిగతావన్నీ లేతగా కోసి వండుకుంటుంటే అది మాత్రం పందిరికి వేలాడుతూ ముదిరి, రంగు మారి, ఎండి, చివరికి ఊపితే గలగలమనేది. అప్పుడు దాన్ని తీసుకెళ్లి వసారాలో వాసానికి కట్టేది. ఇన్నేళ్లుగా నేను కూడా విత్తనాలు దాస్తున్నాక నాకు తేలింది ఇది: ఈ పనిలో సగం ఆ పీలిక కట్టడంలోనే ఉంది. మిగతా సగం ఆరబెట్టడంలో ఉంది. సీసాలు, డబ్బాలు, ఫ్రిజ్‌లు ఆ తరువాతి మాట.

చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. కాపంతా కోసుకుని తిని, పాదు పీకేసే రోజున ఆకుల చాటున మిగిలిన గిడసబారిన కాయను చూసి విత్తనానికి ఉంచుతారు. ఆ వేళకు తీగలో బలం ఉండదు, గింజలో సగం తాలు పోతుంది. పైగా చివరిదాకా మిగిలే కాయలు తరచుగా అన్నిటికన్నా ఆలస్యంగా కాపుకు వచ్చిన మొక్కలవే. నాలుగేళ్లు వరుసగా అలా చేస్తే, ఆలస్యంగా కాసే రకాన్ని మన చేతులతో మనమే పెంచుకున్నట్టు అవుతుంది. అందుకే మొట్టమొదటి మాటగా చెబుతున్నాను, కాపు మంచి ఊపులో ఉన్నప్పుడే విత్తనాల కాయను ఎంచి గుర్తు పెట్టండి.

ముందు తేల్చుకోవలసింది: మీ మొక్క రకమా, హైబ్రిడా?

"విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా" అని సామెత. గింజ వేస్తే తల్లి మొక్కలాగే మొలిచేదాన్ని రకం అంటారు, నాటువన్నీ అలాంటివే. వాటిలో సామెత నిజం. హైబ్రిడ్ విషయంలో మాత్రం నిజంగానే వేరే చెట్టు మొలుస్తుంది. రెండు వేర్వేరు తల్లిదండ్రుల నుంచి పుట్టించిన తొలి తరం విత్తనం అది. ప్యాకెట్టు మీద ఎఫ్-1 అని ఉంటుంది. ఆ మొక్క ఎంత బాగా కాసినా, దాని గింజలు తీసి వేస్తే ఒకటి తాతలా, ఒకటి మేనత్తలా, ఇంకొకటి ఎవరికీ చెందనట్టు మొలుస్తాయి. మొలక రాదని కాదు, వస్తుంది. ఏ కాయ కాస్తుందో చెప్పలేం, అంతే.

టమాటాలో పూసా రూబీ, అర్క వికాస్ విత్తనం తీసుకోదగిన రకాలు. అర్క వికాస్‌ను ఇచ్చిన బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థే ఇచ్చిన అర్క రక్షక్ మాత్రం హైబ్రిడ్. బెండలో అర్క అనామిక, పర్భణి క్రాంతి రకాలు. వంగలో మన భాగ్యమతి, మిరపలో గుంటూరు లాం పరిశోధన స్థానం నుంచి వచ్చిన ఎల్‌సీఏ 334 కూడా రకాలే. ఊళ్లో తరతరాలుగా ఉన్న నాటు వంగ, నాటు చిక్కుడు, పందిరి బీర అయితే ఏ అనుమానమూ అక్కర్లేదు.

బజారులో కొన్న కూరగాయల నుంచి తీయవచ్చా అని చాలామంది అడుగుతారు. బీర, బెండ, సొర, వంగ బజారుకు లేతగా వస్తాయి. గింజ పండి ఉండదు, కాబట్టి ఆ ఆలోచన వదిలేయండి. ఎర్రగా పండిన టమాటా, ఎండుమిరప, ముదిరిన గుమ్మడి గింజలు మొలుస్తాయి గాని, అది రకమో హైబ్రిడో మీకు తెలియదు. సరదాకు ఒకటి రెండు కుండీల్లో వేసుకోండి. పొలానికి, మొత్తం మడికి మాత్రం దాన్ని నమ్ముకోకండి.

హక్కు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 2001లో వచ్చింది. దాని 39వ సెక్షన్ ప్రకారం రైతు తాను పండించిన విత్తనాన్ని దాచుకోవచ్చు, మళ్లీ విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. రక్షణ పొందిన రకాన్ని బ్రాండు పేరుతో ప్యాకెట్లు కట్టి అమ్మడం ఒక్కటే కుదరదు.

కలగలిసిపోకుండా చూసుకోండి

అన్ని కూరగాయలూ ఒకేలా గింజ కట్టవు. టమాటా, అలసంద, గోరుచిక్కుడు, మెంతి పువ్వులు చాలావరకు తమ పుప్పొడితో తామే పిందె కడతాయి. కొత్తగా మొదలుపెట్టేవారు వీటితోనే మొదలుపెట్టండి. రెండు రకాల టమాటాల మధ్య పది అడుగుల దూరం ఉన్నా ఇంటి అవసరానికి పెద్ద ఇబ్బంది రాదు.

వంగ, మిరప, బెండ మధ్యరకం. సొంత పుప్పొడి పని చేస్తుంది, కానీ తేనెటీగ వాలితే పక్క రకం పుప్పొడి కూడా అంటుతుంది. పచ్చిమిరప పక్కన బజ్జీ మిరప వేసి విత్తనం తీస్తే, మరుసటి ఏడాది బజ్జీ మిరప ఘాటెక్కవచ్చు. విత్తన ధ్రువీకరణ నియమాల్లో టమాటాకు 25 నుంచి 50 మీటర్లు, వంగకు 100 నుంచి 200, మిరపకు, బెండకు 200 నుంచి 400 మీటర్ల ఎడం అడుగుతారు. పెరట్లో, మేడ మీద అంత ఎడం ఎక్కడ దొరుకుతుంది? దానికి రెండు ఉపాయాలు ఉన్నాయి. వంగ, మిరప అయితే పూత మొదలయ్యే ముందే ఒకటి రెండు మొక్కలకు పాత దోమతెర గుడ్డ చుట్టండి. రోజూ ఉదయం మొక్కను మెల్లగా కదపండి. పిందె పడ్డాక తెర తీసి ఆ కాయలకు పీలిక కట్టండి. బెండ అయితే మర్నాడు విచ్చబోయే మొగ్గ కొసను సాయంత్రమే దారంతో మెత్తగా బిగించండి. పువ్వు లోపలే తన పుప్పొడి తాను తీసుకుంటుంది. పువ్వు రాలే వేళకు దారం తీసి కాడకు గుర్తు కట్టండి.

తీగజాతి అన్నిటికన్నా కష్టం. బీర, సొర, కాకర, పొట్ల, గుమ్మడి, దోస పాదుల్లో ఆడపువ్వు వేరు, మగపువ్వు వేరు. పురుగు మోస్తే తప్ప పిందె నిలవదు. ఆ పురుగు మీ పాదు దగ్గర నుంచే వచ్చిందని నమ్మకం లేదు. ఒకే జాతిలో రెండు రకాలు దగ్గర దగ్గరగా ఉంటే కలవక మానవు. బీరకూ కాకరకూ మధ్య మాత్రం ఆ భయం లేదు, అవి వేరు వేరు జాతులు. మీ వీధిలో అందరూ ఒకే రకం బీర వేస్తే అదృష్టం. లేకపోతే చేత్తో పుప్పొడి అంటించాలి.

ఇది చూడటానికి కష్టంగా ఉన్నా రెండోసారికి అలవాటవుతుంది. బీర, సొర, పొట్ల పువ్వులు సాయంత్రం పొద్దు వాలే వేళ విచ్చుకుంటాయి. గుమ్మడి, కాకర, దోస తెల్లవారుజామున. ఆడపువ్వు వెనక చిన్న పిందె ఉంటుంది, మగపువ్వుకు ఉత్త కాడే. బీరకైతే మధ్యాహ్నం 3 గంటల ప్రాంతంలో, ఆ సాయంత్రం విచ్చబోయే ఒక ఆడమొగ్గకూ రెండు మగమొగ్గలకూ చిన్న కాగితపు సంచులు తొడగండి. విచ్చుకున్నాక మగపువ్వును తుంచి, రేకులు ఒలిచి, లోపలి పసుపు పొడిని ఆడపువ్వు నడిమి భాగానికి మెత్తగా రాయండి. వెంటనే మళ్లీ సంచి తొడగండి. మరుసటి రోజు సంచి తీసి పీలిక కట్టండి. గుమ్మడికైతే ముందురోజు సాయంత్రం సంచులు కట్టి, పొద్దున్నే 6, 7 గంటల మధ్య పని ముగించండి. మగపువ్వును అదే రకానికి చెందిన ఇంకొక పాదు నుంచి తెస్తే ఇంకా మంచిది.

తీగజాతిలో ఒక హెచ్చరిక. సొర, దోస, బీరల్లో చేదు కాయలు వచ్చిన పాదు నుంచి గింజ తీయకండి. చేదు సొరకాయ తినడం ప్రమాదం, దాని రసం తాగి ప్రాణాల మీదికి తెచ్చుకున్నవారు ఉన్నారు. అందుకే పీలిక కట్టే ముందు అదే పాదు నుంచి లేతకాయ ఒకటి కోసి చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూసి, చేదు తగిలితే ఉమ్మేయండి. ఆ పాదును విత్తనానికి లెక్కలోంచి తీసేయండి.

ఏ మొక్కకు పీలిక కట్టాలి?

కాయను చూసి ఎంచకండి, మొక్కను చూసి ఎంచండి. పెద్ద కాయ ఒకటే కాసి ఊరుకున్న మొక్క కన్నా, మధ్యరకం కాయలు విరగకాసిన మొక్క మేలు. ముందుగా కాపుకు వచ్చిందా, ఎండను తట్టుకుందా, పురుగు తక్కువా, మీ ఇంట్లో వారికి ఆ రుచి నచ్చిందా, ఇవి చూడండి. బెండలో ఈనెలు పసుపెక్కే పల్లాకు తెగులు గింజ ద్వారా రాదు, తెల్లదోమ తెస్తుంది. అయినా అందరికన్నా ముందు తెగులు పట్టిన మొక్కను ఎంచుకోవడం ఎందుకు? చిక్కుడు, అలసందల్లో ఆకు ముడతపడి మచ్చలు కట్టే వైరస్ తెగుళ్లు కొన్ని గింజ ద్వారానే వస్తాయి. మిరపలో కాయకుళ్లు కూడా అంతే. అలాంటి మొక్కల జోలికి వెళ్లకండి.

ఒక్క మొక్క నుంచే ఏళ్ల తరబడి గింజ తీయడం కూడా మంచిది కాదు. టమాటా, అలసంద అయితే నాలుగైదు మొక్కల నుంచి కలిపి తీయండి. పరపుప్పొడి మీద బతికే తోటకూర, గుమ్మడి వంటివాటికి ఎన్ని ఎక్కువ మొక్కలుంటే అంత మేలు. చోటు లేకపోతే ఒకే రకం వేసే ఇరుగుపొరుగుతో గింజలు కలుపుకోండి.

కోయడం, గింజ తీయడం

మనం కూరకు కోసే కాయ చాలావరకు పసిది. బెండ పువ్వు పూసిన వారానికే కూరకు వస్తుంది. గింజకు మాత్రం నెల పైనే ఆగాలి. వంగకు నెలన్నర దాటాలి. నల్లటి వంకాయ పసుపు గోధుమ రంగుకు తిరిగి, మెత్తబడి, రాలిపోతుందేమో అనిపించేదాకా ఉంచండి. దాన్ని కోసి, నీళ్ల గిన్నెలో చేత్తో పిసికితే మంచి గింజ అడుగుకు దిగుతుంది. తాలు, గుజ్జు పైకి తేలుతాయి, వంచేయండి. వంగ గింజను నీళ్లలో వదిలి మరచిపోకండి, అదే పూట ఆరబెట్టాలి.

టమాటా పద్ధతి వేరు. గింజ చుట్టూ ఉన్న జిగురు మొలకను ఆపుతుంది, అందుకే కాయలో ఉండగా మొలకెత్తదు. ఆ జిగురు పోవాలి. బాగా ఎర్రబడిన పండ్లను పిండి, గింజలూ రసమూ గాజు గ్లాసులో పోసి, పైన పలుచని గుడ్డ కట్టి నీడలో పెట్టండి. నీళ్లు కలపకండి. మన వేసవిలో ఒక రోజు చాలు, చలికాలంలో రెండు రోజులు. పైన తెల్లని తెట్టు కడుతుంది, పులిసిన వాసన వస్తుంది. అప్పుడు నీళ్లు పోసి కలిపి, తేలినదంతా వంచి, జల్లెడలో రెండుమూడు సార్లు కడగండి. మూడో రోజుకు వదిలితే వేడికి గ్లాసులోనే మొలకలు వస్తాయి, నాకు ఒక ఏప్రిల్‌లో అలాగే పోయాయి. కడిగిన గింజలను కాగితం మీద వేయకండి, అతుక్కుపోయి ఊడిరావు. పింగాణీ పళ్లెంలో పలుచగా పరచి, రోజుకు రెండుసార్లు వేలితో కదపండి.

మిరప తేలిక. చెట్టునే ఎర్రబడిన కాయలను నీడలో ఎండబెట్టి చీల్చి గింజ దులపండి. చేతికి సంచి తొడుక్కోండి, ఆ చేత్తో కళ్లు తుడుచుకోకండి.

బీరకాయ పందిరి మీదే పూర్తిగా ఎండాలి. కొసన మూత లాంటి ముక్కను తీసి బోర్లిస్తే నల్లని గింజలు జలజల రాలతాయి. మిగిలిన పీచు ఒళ్లు తోముకోవడానికి పనికొస్తుంది. సొరకాయ కూడా పెంకు గట్టిపడి, ఊపితే గింజ లోపల పలికేదాకా ఉంచాలి. ఈ రెండిటికీ కాయే మంచి డబ్బా. గింజ తీయకుండా అలాగే పొగ తగిలే చోట వేలాడదీయడం మన పల్లెల్లో పాత పద్ధతి. కాకర, పొట్ల అలా కాదు. నారింజ రంగుకు తిరిగాక ఒక్క పూటలో పగిలి గింజలు రాలిపోతాయి, పిట్టలు ఎత్తుకుపోతాయి. రంగు తిరగడం చూసిన రోజే కోసి, ఇంట్లో పగలనిచ్చి, కాకర గింజ చుట్టూ ఉన్న ఎర్రటి గుజ్జును బూడిదతో రుద్ది కడగండి. దోస పసుపెక్కి బాగా పండాక కోసి, ఇంకో పది పదిహేను రోజులు మూల పెట్టండి, కాయలోనే గింజ ముదురుతుంది. గుమ్మడి కూడా అంతే. కోసిన నెల, రెండు నెలలకు సంక్రాంతికి కాయ కొట్టినప్పుడు లావుగా ఊరిన గింజలను ఏరి పక్కన పెట్టుకోండి.

చిక్కుడు గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, అది నాకు ఇష్టమైన తీగ. పగటి పొడుగు తగ్గితే గాని నాటు చిక్కుడు పూతకు రాదు. అందుకే ఆషాఢంలో వేసినా చలికాలం దాకా కాయ చూపదు. రథసప్తమికి పందిరి నిండా ఉంటుంది. చిక్కుడుకాయలతో రథం కట్టి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టే ఆ రోజును నేను గడువుగా పెట్టుకున్నాను. ఆ రోజు మంచి తీగ ఎంచి, ఒక కొమ్మ మొత్తాన్ని విత్తనానికి వదిలేస్తాను. ఒక నెలలో కాయలు ఎండి గరగరమంటాయి. మంచు తడి పూర్తిగా ఆరాక, ఎండ పొద్దులో కోసి, గోనెసంచిలో వేసి కర్రతో మెల్లగా కొట్టి, చేటతో చెరగండి. అమెరికాలో ఉన్న మనవాళ్లు చిక్కుడు వేసి కాయ చూడలేదని బాధపడుతుంటారు. ఉత్తర రాష్ట్రాల్లో పగలు తగ్గి పూత వచ్చే వేళకు మంచు కురిసే రోజులు వచ్చేస్తాయి, కారణం అదే. వారికి గింజలు పంపాలనుకుంటే ఆ దేశపు నిబంధనలు ముందే కనుక్కోండి. మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు, లేకపోతే ప్యాకెట్టు విమానాశ్రయంలోనే ఆగిపోతుంది.

ఆకుకూరలు త్వరగా చెప్పేస్తాను. తోటకూర ఎన్ను ఎండుతుండగా గుడ్డ మీద నలిపితే నల్లని మెరిసే గింజ రాలుతుంది. దాని పుప్పొడిని గాలి మోస్తుంది కాబట్టి ఎర్ర తోటకూర, పచ్చ తోటకూర రెండిటినీ ఒకేసారి పూయనివ్వకండి. గోంగూర చలికాలంలో కాయ కట్టి ఎండుతుంది, నూగు గుచ్చుకుంటుంది, గుడ్డతో పట్టి నలపండి. ధనియాలు, మెంతులు చెట్టున గోధుమరంగుకు తిరిగాక మొక్కతో సహా కోసి తలకిందులుగా కట్టండి. ఉల్లి విత్తనం ఏడాది దాటి దాచడం వృథా ప్రయాస.

ఆరబెట్టడం

విత్తనం చనిపోయేది ఎక్కువగా ఇక్కడే. గింజ లోపల ప్రాణం ఉంది, అది ఊపిరి తీస్తూనే ఉంటుంది. తేమ, వేడి ఎంత ఎక్కువైతే అంత వేగంగా తన బలాన్ని తానే తినేస్తుంది. విత్తన శాస్త్రవేత్తలు వాడే ఒక మోటు లెక్క ఉంది: గింజలో తేమ ఒక్క శాతం తగ్గితే దాని ఆయుష్షు రెట్టింపు, దాచిన చోట వేడి 5 డిగ్రీలు తగ్గితే మళ్లీ రెట్టింపు. ఈ రెండిటిలో మన చేతిలో ఎక్కువగా ఉన్నది తేమే.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా పట్టుకోండి. గింజ చుట్టూ ఉన్న గాలి కన్నా పొడిగా అది ఎండలేదు. జూలైలో విశాఖలోనో కోనసీమలోనో గాలే తడిగా ఉంటుంది. ఆ గాలిలో నెల రోజులు నీడన ఆరబెట్టినా గింజ దాచడానికి కావలసినంత పొడి కాదు. అదే ఏప్రిల్, మే నెలల్లో తెలంగాణలోనో రాయలసీమలోనో నీడలోని గాలే గింజను గలగలలాడేలా చేస్తుంది. అందుకే చలికాలపు, వేసవి కాపు నుంచి విత్తనం తీయడం మేలు. ఎప్పుడు తీసినా సరే, తొలకరి చినుకు పడకముందే మూత బిగించాలి. నేను ఒక ఏడాది చిక్కుడు గింజలు బాగానే ఆరబెట్టాను గాని, వానాకాలంలో వచ్చినవారికల్లా సీసా మూత తీసి చూపించాను. ఆశ్వయుజానికి అడుగున బూజు పట్టి, గింజకు గింజ అతుక్కుంది. వాటిలో ఒక్కటీ మొలవలేదు. ఆ రకం మళ్లీ సంపాదించడానికి నాకు రెండేళ్లు పట్టింది.

పద్ధతి ఇది. మొదటి రెండు మూడు రోజులు నీడలో, గాలి ఆడే చోట పలుచగా పరచండి. తరువాత ఉదయం 8 నుంచి 10 దాకా, మళ్లీ సాయంత్రం 4 తరువాత లేత ఎండలో పెట్టండి. గింజ 40 డిగ్రీల కన్నా వేడెక్కకూడదు. మే నెల మధ్యాహ్నం మేడ మీద సిమెంటు కాలు పెట్టనివ్వదు, అక్కడ గింజ పెడితే లోపలి మొలక ఉడికిపోతుంది. రేకు మీద, నేల మీద నేరుగా కాక గుడ్డ మీదో చేటలోనో పరచండి. సాయంత్రం ఇంట్లోకి తెచ్చేయండి, రాత్రి మంచుకు వదలకండి.

ఆరిందో లేదో తెలుసుకోవాలంటే చిక్కుడు, అలసంద గింజను పంటితో కొరకండి. పంటి గాటు పడితే ఇంకా తడి ఉన్నట్టు. సుత్తితో కొడితే నలగకుండా పగలాలి. బీర, సొర, గుమ్మడి గింజను వంచితే టక్కున విరగాలి, వంగకూడదు. టమాటా, వంగ గింజలు పళ్లెంలో వేస్తే ఇసుకలా చప్పుడు చేయాలి.

తీరంలో ఉన్నవారికి, వానల్లో గింజ తీయక తప్పనివారికి ఇంకొక మెట్టు అవసరం. సిలికా జెల్ గుళికలు దొరికితే గింజల బరువుకు సమానంగా తీసుకుని, గుడ్డమూటలో కట్టి, గింజలతో పాటు గాజు సీసాలో వారం రోజులు బిగించి ఉంచండి. రంగు మారే నీలి గుళికలు గులాబీ రంగుకు తిరిగితే తేమ పీల్చి నిండిపోయాయని అర్థం. అవి దొరకకపోతే బియ్యాన్ని బాణలిలో బాగా వేయించి, మూత పెట్టి చల్లార్చి, అలాగే మూట కట్టి వాడండి. బియ్యం వేడిగా ఉండగా గింజల దగ్గర పెట్టకండి.

దాచడం, పురుగు రాకుండా చూడటం

బిగుతు మూత ఉన్న గాజు సీసా అన్నిటికన్నా నమ్మకం. స్టీలు డబ్బాలు చాలావరకు గాలి ఆడతాయి. ప్లాస్టిక్ సంచి ఒక్కటే చాలదు, దాన్ని సీసాలో పెట్టండి. ఒక్కో రకాన్ని కాగితపు పొట్లంలో కట్టి, రకం పేరు, తెచ్చిన ఊరు, కోసిన నెల, సంవత్సరం పెన్సిల్‌తో రాసి లోపల పెట్టండి. సిరా చెదిరిపోతుంది. "మంచి వంకాయ" అని రాసుకుంటే మూడేళ్ల తరువాత మీకే ఏమీ అర్థం కాదు. "తెల్లచారల గుండ్రని వంగ, ముళ్లు ఉన్నది, నిరుడు అన్నిటికన్నా ముందు కాసింది" అని రాయండి.

కుండ, బూడిద, వేపాకు పద్ధతి పాతదని తీసిపారేయకండి. జల్లించిన కట్టెబూడిద తేమ పీలుస్తుంది, గింజల మధ్య సందులు నింపి పురుగును తిరగనివ్వదు. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు చిరుధాన్యాలు, పప్పుల విత్తనాలను ఇలాంటి పద్ధతుల్లోనే తరం నుంచి తరానికి దాచుకుంటూ వచ్చాయి. ఏటా సంక్రాంతికి ఎడ్లబండ్ల మీద విత్తనాలు పేర్చి పాత పంటల జాతర చేస్తారు. 2019లో ఆ సంఘాలకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

చిక్కుడు, అలసంద గింజల్లో పుచ్చుపురుగు సీసాలో పుట్టదు. కాయ మీద గుడ్డు పొలంలోనే పడుతుంది, మనం దాన్ని లోపల పెట్టి మూత బిగిస్తాం. దీనికి రెండు మార్గాలు. కిలో గింజకు చిన్న చెంచాడు, అంటే 5 మిల్లీలీటర్ల వేపనూనెనో ఆముదాన్నో అరచేతులతో పట్టించండి. లేదా బాగా ఎండిన గింజను సీసాలో బిగించి నాలుగైదు రోజులు ఫ్రిజ్ పైన గడ్డకట్టే అరలో పెట్టండి. ఎండని గింజను అక్కడ పెడితే లోపలి నీరు గడ్డకట్టి గింజ చస్తుంది.

మిగతా కాలమంతా ఫ్రిజ్ కింది అర మంచి చోటు. బయటికి తీసిన సీసా మూత వెంటనే తెరవకండి. ఆరేడు గంటలు గదిలో ఉంచి, సీసా బయట చెమ్మ పూర్తిగా ఆరాక తెరవండి. లేకపోతే ఆ చెమ్మ గింజ మీదే పడుతుంది. ఫ్రిజ్ లేకపోతే ఇంట్లో చల్లని, చీకటి గదిలో కింది అర చాలు. వంటింటి అటక మాత్రం వద్దు, అక్కడి వేడి, ఆవిరి రెండూ శత్రువులే.

ఇలా దాచితే టమాటా, వంగ, గుమ్మడి, దోస గింజలు నాలుగేళ్ల దాకా నిలుస్తాయి. చిక్కుడు, అలసంద, మిరప రెండు మూడేళ్లు. బెండ ఏడాది దాటితే మొలక తగ్గుతుంది, దాన్ని ఏటా కొత్తగా తీసుకోండి. దాచిన గింజను మొత్తం ఒక్క ఏడాదే వాడేయకుండా, సగం గింజ సీసాలో ఉంచి సగమే విత్తండి. వాన రాక విత్తినది పోయినా రకం మిగులుతుంది. ఇంకొక గుప్పెడు వేరే ఊళ్లో ఉన్న అన్నకో, చెల్లెలికో ఇవ్వండి. నా చిక్కుడు బూజు పట్టిన ఏడాది నేను ఎవరికైనా ఇచ్చి ఉంటే రెండేళ్లు వెతుక్కునే పని ఉండేది కాదు.

విత్తే ముందు మొలక చూడండి

రోహిణి కార్తె చివర్లో, ఏరువాక పున్నమి ముందు ఈ పని పెట్టుకోండి. ఒక్కో రకం నుంచి కళ్లు మూసుకుని 20 గింజలు తీయండి, లావువి ఏరకండి. తడిపి పిండిన నూలు గుడ్డ మీద వరుసగా పరచి, చుట్ట చుట్టి, గాలి ఆడే డబ్బాలో నీడన ఉంచండి. గుడ్డ ఆరితే నీళ్లు చిలకరించండి. అలసంద, దోస వారంలో తేలిపోతాయి. టమాటా, వంగ, మిరప, బీరకు రెండు వారాలు ఆగాలి. బెండకు మూడు వారాల దాకా పట్టవచ్చు. బెండ, కాకర గింజల పెంకు గట్టిది కాబట్టి ముందు రాత్రంతా నానబెట్టండి. కాకర గింజ కొస కొద్దిగా చిట్లిస్తే ఇంకా త్వరగా వస్తుంది. ధనియాలను చేత్తో నలిపి రెండుగా చీల్చాలి.

20కి 14 గాని, అంతకన్నా ఎక్కువ గాని మొలిస్తే మామూలుగా విత్తండి. 8 నుంచి 13 అయితే గుంటకు రెండు గింజలకు బదులు నాలుగు వేయండి, నారుమడి అయితే ఒత్తుగా చల్లండి. 8 కన్నా తక్కువైతే ఆ రకం చేజారిపోతోందని గుర్తించి, ఉన్న గింజలన్నీ ఈ ఏడాదే విత్తేయండి. వాటిలో మొలిచిన మొక్కలన్నిటినీ విత్తనానికే వదలండి, ఒక్క కాయ కూడా కూరకు కోయకండి. గుడ్డలో మొలిచిన గింజలను కూడా పారేయనక్కర్లేదు. వేరు విరగకుండా మెల్లగా తీసి, చిన్న కుండీలో వేలెడు లోతున పెట్టి, ఆ పూటే నీళ్లు పోయండి.